ఐటీఐ లెక్కల చదువు: తెర మీద ఎంత, లేత్ దగ్గర ఎంత

ఐటీఐలో ఫిట్టర్, టర్నర్, ఎలక్ట్రీషియన్ నేర్చుకునే పిల్లలకు లెక్కలు ఎలా చెప్పాలన్న చర్చ పాతదే. కొత్తగా వచ్చినదల్లా తెర. స్మార్ట్ బోర్డు, ఫోన్ యాప్, సిమ్యులేటర్, ఇప్పుడు కృత్రిమ మేధ... ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా వాదన మళ్లీ మొదటికొస్తోంది. పదో తరగతి లెక్కల్లో అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లలకు సాధన ఎక్కువ చేయించే యాప్ ఇస్తే చాలని కొందరంటారు. యంత్రమే లెక్క కట్టే రోజుల్లో పనివాడికి లెక్క ఎందుకని మరికొందరు. లెక్క చేయడం వేరు, సమస్యను విప్పుకోవడం వేరు, రెండోదాన్ని విడిగా నేర్పాలని ఇంకొందరు. ముగ్గురూ చూస్తున్న పిల్లవాడు ఒకడే. చూస్తున్న లెక్క మాత్రం ఒకటి కాదు. అందుకే చర్చ తెగడం లేదు. ఏ లెక్క గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకుంటే, పరిశోధన ఏం చెబుతోందో, ఎక్కడ ఆగిపోయిందో చూడొచ్చు.

ఒక టర్నర్ లెక్క

టర్నర్ ట్రేడ్‌లో అందరూ చేసే లెక్క కటింగ్ స్పీడ్. జాబ్ వ్యాసాన్ని పైతోనూ, నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యతోనూ గుణించి 1000తో భాగిస్తే నిమిషానికి ఎన్ని మీటర్ల వేగంతో లోహం తెగుతోందో వస్తుంది. 50 మిల్లీమీటర్ల వ్యాసమున్న మైల్డ్ స్టీల్ రాడ్‌కు నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడ్ కావాలి. ఆర్‌పీఎం ఎంత? కాలిక్యులేటర్ 159 అంటుంది. పరీక్షలో అయితే అక్కడితో లెక్క అయిపోయింది, మార్కు పడింది.

వర్క్‌షాప్‌లో అక్కడే మొదలవుతుంది. లేత్ మీద 159 అనే వేగం ఉండదు. లివర్లు మార్చితే దొరికేవి కొన్ని వేగాలే. 150, 190 ఉన్నాయనుకుందాం. 190 పెడితే కటింగ్ స్పీడ్ దాదాపు 30 మీటర్లవుతుంది, హైస్పీడ్ స్టీల్ టూల్ తొందరగా అరిగిపోతుంది. 150 పెడితే 23.6 మీటర్లు. పని కాస్త నెమ్మదిస్తుంది, టూల్ నిలుస్తుంది. కాబట్టి 150. అయితే నాలుగు కట్‌లు పడ్డాక రాడ్ 40 మిల్లీమీటర్లకు దిగింది. ఇప్పుడు అదే 150 మీద కటింగ్ స్పీడ్ 19 మీటర్ల లోపే. ఇందాక వద్దనుకున్న 190 ఇప్పుడు సరిపోతుంది. సూత్రం మారలేదు. ఏది స్థిరం, ఏది కదులుతోంది, దేనికి ఎంత రాజీపడొచ్చు అన్నది మారింది.

టేపర్ టర్నింగ్‌లో చిక్కు ఇంకోలా వస్తుంది. పెద్ద వ్యాసం 40, చిన్న వ్యాసం 30, పొడవు 100 మిల్లీమీటర్లు. వ్యాసాల తేడాను పొడవుకు రెట్టింపుతో భాగిస్తే 0.05. ఆ టాంజెంట్‌కు కోణం 2.86 డిగ్రీలని ఫోన్ చెబుతుంది. కాంపౌండ్ రెస్ట్ తిప్పబోయేవాడు దాన్ని 2 డిగ్రీల 86 నిమిషాలని చదివితే టేపర్ తప్పుతుంది. అసలు కోణం 2 డిగ్రీల 52 నిమిషాలు. డిగ్రీకి 60 నిమిషాలే కనుక 86 నిమిషాలన్న మాటే కుదరదని తట్టాలి. ఫోన్ తప్పు చెప్పలేదు. చెప్పినదాన్ని పని భాషలోకి దించుకోవడం దగ్గరే తప్పు జరిగింది.

ఇక్కడ మూడు పనులున్నాయి: సూత్రంలో అంకెలు వేసి జవాబు రాబట్టడం, ఏ సూత్రం ఎప్పుడు వాడాలో ఎంచుకోవడం, వచ్చిన జవాబును యంత్రంతోనూ వస్తువుతోనూ సరిచూసుకోవడం. యాప్‌లను మెచ్చుకునేవాళ్లు ఎక్కువగా మొదటిదాన్ని చూస్తున్నారు. లెక్క అక్కర్లేదనేవాళ్లూ మొదటిదాన్నే చూసి, అది యంత్రం చేస్తుందిలే అంటున్నారు. పనిలో నష్టం తెచ్చే తప్పులు మాత్రం మిగతా రెండింటిలో ఉంటాయి.

పోల్యా నుంచి రెసీఫే వీధుల దాకా

సమస్యా సాధనను నేర్పదగిన విద్యగా నిలబెట్టినవాడు హంగరీలో పుట్టి స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పిన జార్జ్ పోల్యా. సమస్యను అర్థం చేసుకో, పథకం వేసుకో, అమలుచెయ్యి, వెనక్కి తిరిగి చూడు. 1945 నాటి ఆయన పుస్తకంలోని ఈ నాలుగు మెట్లు నేటికీ ఉపాధ్యాయ శిక్షణల్లో వినిపిస్తాయి. మెట్లు తెలిసినంత మాత్రాన ఎక్కడం రాదని 1985లో అలన్ షోన్‌ఫెల్డ్ చూపించారు. తన ఆలోచన ఎటు పోతోందో కనిపెట్టుకోవడం, లెక్కలంటే ఏమిటన్న నమ్మకం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తాయని ఆయన వాదన. అందుకు ఆ రోజుల్లో అమెరికాలో ఎక్కువగా చెప్పుకున్న ఉదాహరణ ఒకటుంది. 1128 మంది సైనికులు, బస్సుకు 36 మంది, ఎన్ని బస్సులు కావాలి? 13 ఏళ్ల పిల్లల్లో 70 శాతం మంది భాగహారం సరిగ్గానే చేశారు. 32 బస్సులని చెప్పింది నాలుగో వంతు మంది కూడా లేరు. చాలామంది 31 బస్సులు, శేషం 12 అని రాశారు. లేత్ మీద లేని 159 ఆర్‌పీఎంను జవాబుగా రాసి ఊరుకోవడం దీనికి తోబుట్టువే.

అదే 1985లో బ్రెజిల్ నుంచి మరో సంగతి బయటికొచ్చింది. రెసీఫే నగర వీధుల్లో కొబ్బరి బోండాలు, పళ్లు అమ్మే పిల్లల్ని టెరెజిన్హా నూనెస్, ఆమె సహచరులు పరిశీలించారు. బేరం మధ్యలో అడిగినప్పుడు పిల్లలు 98 శాతం లెక్కలు సరిగ్గా చెప్పారు. అవే అంకెలను కాగితం మీద కూడికలు, గుణకారాలుగా ఇస్తే 37 శాతమే సరైనవి. లైబీరియా దర్జీలను, అమెరికా సూపర్‌మార్కెట్ కొనుగోలుదారులను చూసిన జీన్ లేవ్ 1988 నాటి పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేసి, తరగతిలో నేర్చిన లెక్క మూట కట్టుకుని పనికి పట్టుకెళ్లేది కాదన్నారు. మన దేశంలోనూ హోమీ భాభా సైన్స్ విద్యా కేంద్రానికి చెందిన అరిందం బోస్, కె. సుబ్రమణ్యం ముంబయి ధారావిలో చిన్న చిన్న పనుల మధ్య పెరిగే బడిపిల్లల లెక్కల జ్ఞానం మీద పనిచేశారు.

ఇంగ్లండ్‌లో సెలియా హోయల్స్, రిచర్డ్ నాస్, స్టెఫానో పొజ్జి పిల్లల వార్డు నర్సులు మందు మోతాదు కట్టే తీరు చూశారు. శిక్షణలో వాళ్లు నేర్చుకున్నది ఒకే సూత్రం. వార్డులో మాత్రం ఆ మందు ఏ సీసాలో ఎంత గాఢతతో వస్తుందన్నదాన్ని పట్టుకుని, రెట్టింపులు, సగాల మీద తప్పుల్లేకుండా లెక్క కడుతున్నారు. సూత్రం మీద అంత నమ్మకం పెట్టుకున్న పాఠ్యప్రణాళికలకు ఇది మింగుడుపడని విషయమే.

అయితే దీన్నుంచి బడి లెక్కలు దండగ అన్న నిర్ణయానికి దూకేవాళ్లున్నారు. అది తొందరపాటు. వీధిలో లెక్క బాగా నడిచేది అలవాటైన సరుకు, అలవాటైన ధర ఉన్నంతవరకే. పనివాడు కొత్త యంత్రం ముందుకు, కొత్త పదార్థం ముందుకు వెళ్లినప్పుడు సాధారణ సూత్రం అక్కరకొస్తుంది.

ఎలా నేర్పాలి: మూడు వాదాలు

మొదటి వాదం ఆస్ట్రేలియాకు చెందిన జాన్ స్వెల్లర్‌ది. కొత్తగా నేర్చుకునేవాడి మెదడు ఒకేసారి మోయగలిగే బరువు తక్కువ. సమస్యను అతని మీదికి వదిలేస్తే వెతుకులాటకే శక్తంతా పోతుంది, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. కాబట్టి చేసి చూపిన లెక్కలు ముందు చదివించాలి, తర్వాత కొన్ని మెట్లు ఖాళీ వదలాలి, చివరికి మొత్తం లెక్క అతని చేతికివ్వాలి. లెక్కల్లో బలహీనంగా ఉన్న పిల్లలకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుందనడానికి దశాబ్దాల ప్రయోగాల మద్దతుంది. ఆరితేరినవాళ్లకు అదే పద్ధతి అడ్డమవుతుందని కూడా ఈ వర్గమే చూపింది.

రెండోది మను కపూర్ పేరుతో వినిపించే వాదం. ముందు పిల్లలే తడుముకోవాలి, ఓడిపోవాలి, ఆ తర్వాత పాఠం చెబితే అది లోతుగా దిగుతుంది. వినసొంపుగానే ఉంది. పాఠశాల మొత్తం ఓటమితోనే గడిచి, లెక్క పేరు చెబితేనే బెదిరే పిల్లవాడి మీద ఇది ఎలా పనిచేస్తుందన్నది వేరే ప్రశ్న. ఐటీఐల దృష్టితో చూస్తే ఈ వాదానికి ఆధారం పలచన.

మూడోది లెక్కను ట్రేడ్‌లోనే వెతకమంటుంది. అమెరికాలో వృత్తి విద్య మీద జేమ్స్ స్టోన్ బృందం చేసి 2008లో ప్రచురించిన ప్రయోగం దీనికి మూలస్తంభం. ఒక్కో ట్రేడ్ ఉపాధ్యాయుడికి ఒక లెక్కల ఉపాధ్యాయుడిని జతచేశారు. ఇద్దరూ కూర్చుని ట్రేడ్ పాఠంలో అప్పటికే దాగి ఉన్న లెక్కను బయటికి తీశారు. పాఠం ట్రేడ్ పనితో మొదలై, అందులోని లెక్కకు, అక్కడి నుంచి అలాంటి ఇతర పనులకు, చివరికి మామూలు పాఠ్యపుస్తకం లెక్కకు వెళ్తుంది. తరగతి సమయంలో పదో వంతే దీనికి పట్టింది. ఏడాది తర్వాత రెండు సాధారణ లెక్కల పరీక్షల్లో ఈ పిల్లలు ముందున్నారు, ట్రేడ్ నైపుణ్యం తగ్గలేదు. పనిలో లెక్కల అన్వయాన్ని కొలిచే మూడో పరీక్షలో మాత్రం తేడా కనిపించలేదు! పని నుంచి మొదలుపెట్టిన బోధన పని లెక్కల పరీక్షలో కాక బడి లెక్కల పరీక్షలో ఫలించింది. ఈ వాదాన్ని సమర్థించేవాళ్లు ఈ ముక్కను సాధారణంగా ప్రస్తావించరు.

మూడింటినీ పక్కపక్కన పెడితే పైకి కనిపించేంత పోట్లాట లేదు. స్వెల్లర్ చెప్పేది మెట్ల వరుస గురించి, కపూర్ చెప్పేది మొదలుపెట్టే చోటు గురించి, స్టోన్ చెప్పేది లెక్కను ఎక్కణ్నుంచి తేవాలన్న దాని గురించి. ట్రేడ్ నుంచి తెచ్చిన లెక్కను చేసి చూపిన మెట్లతో నేర్పడానికి అడ్డేమీ లేదు. మన పరిస్థితులకు దగ్గరగా ఉన్నది కూడా ఆ కలయికే.

తెర ఏం చేసింది, ఏం చేయలేదు

డిజిటల్ సాధనాలన్నిటినీ ఒకే గాటన కట్టడం ఈ చర్చలో మొదటి పొరపాటు. సాధన చేయించేవి, చూపించేవి, అనుకరించేవి, జవాబిచ్చేవి వేర్వేరు.

సాధన చేయించే వాటికి మంచి ఆధారముంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్ ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో సాధన చేయించే కేంద్రాల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, నాలుగున్నర నెలల్లో పిల్లల లెక్కల స్కోరు 0.37 ప్రామాణిక విచలనాల మేర పెరిగింది. ఆ పిల్లల్లో ఆరో తరగతివాళ్లు సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. వాళ్లు ఎక్కడున్నారో సాఫ్ట్‌వేర్ కనిపెట్టి అక్కణ్నుంచి మొదలుపెట్టింది. ముప్పై మందికి ఒకే పాఠం చెప్పే తరగతి చేయలేనిది అదే. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. రోజూ సగం సమయం బోధకుడి ఆధ్వర్యంలో చిన్న బృందాల్లో గడిచింది. పైగా వాళ్లు బడిపిల్లలు, ట్రేడ్ పిల్లలు కారు. అమెరికాలో కాగ్నిటివ్ ట్యూటర్ అనే బీజగణితం సాఫ్ట్‌వేర్ మీద ర్యాండ్ సంస్థ ఏడు రాష్ట్రాల్లో చేసిన పెద్ద ప్రయోగంలో మొదటి ఏడాది ఫలితమే లేదు. రెండో ఏడాది హైస్కూళ్లలో కనిపించింది. కొత్త సాధనం ఇచ్చి ఆరు నెలలకే లాభనష్టాలు తేల్చే మన అధికారులు గమనించాల్సిన సంగతి ఇది.

చూపించే వాటిలో జియోజీబ్రా ముందుంది. మార్కస్ హోహెన్‌వార్టర్ ఆస్ట్రియాలో 2001లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్లైడర్ జరిపితే వ్యాసం తగ్గుతుంటే ఆర్‌పీఎం ఎలా పైకి లేస్తుందో గీత రూపంలో కళ్లకు కడుతుంది. నల్లబల్ల మీద ఇది సాధ్యం కాదు. అయితే స్లైడర్ జరిపి ముచ్చటపడటంతో ఆగితే అది బొమ్మే. ముందు గీత ఎటు పోతుందో ఊహించమని అడిగి, తర్వాత జరిపించే ఇన్‌స్ట్రక్టర్ కావాలి.

అనుకరించేవి, అంటే సీఎన్‌సీ సిమ్యులేటర్లు, ఖరీదైన యంత్రం పాడవకుండా తప్పులు చేసే వీలిస్తాయి. యంత్రమే లెక్క కడుతుంటే మనిషికెందుకన్న వాదనకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. సీఎన్‌సీ లేత్‌లో జీ96 అని రాస్తే కటింగ్ స్పీడ్ స్థిరంగా ఉండేలా, వ్యాసం తగ్గేకొద్దీ ఆర్‌పీఎంను యంత్రమే పెంచుకుంటూ పోతుంది. పైన టర్నర్ చేసిన లెక్కంతా అది క్షణంలో చేస్తుంది. మరి ఫేసింగ్ చేస్తూ టూల్ జాబ్ మధ్యకు చేరితే? వ్యాసం సున్నాకు దిగుతుంది, ఆర్‌పీఎం అంతులేకుండా పెరగబోతుంది. అందుకే చాలా కంట్రోల్‌లలో జీ50తో గరిష్ఠ వేగానికి హద్దు పెడతారు. చక్‌లో పెద్ద జాబ్ ఉన్నప్పుడు ఆ హద్దు పెట్టకపోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ఆర్‌పీఎం కట్టే సూత్రంలో వ్యాసం కింద ఉందని తెలిసినవాడికి ఆ లైను ఎందుకో తెలుసు. తెలియనివాడు పక్కవాడి ప్రోగ్రామ్ చూసి దించుకుంటాడు, ఒకరోజు మర్చిపోతాడు.

లెక్క ఇలా యంత్రం లోపలికి పోయి కనిపించకుండా పోవడాన్ని బ్రిటన్ పరిశోధకులు జూలియన్ విలియమ్స్, జెఫ్ వేక్ నల్లపెట్టెలన్నారు. హోయల్స్, నాస్, ఫిలిప్ కెంట్, ఆర్థర్ బాకర్ బ్రిటన్ కర్మాగారాల్లో చూసిందీ ఇదే. గోడ మీద నాణ్యతా నియంత్రణ చార్టులు వేలాడుతుంటాయి, వాటిలోని అంకెలు కార్మికులకు పైవాళ్లు పంపిన తాఖీదుల్లా కనిపిస్తాయి. ఈ పరిశోధకులు ఆ చార్టులనే కంప్యూటర్ మీద కదిలే బొమ్మలుగా మార్చి, అంకె ఎందుకు మారుతుందో కార్మికులే తిప్పి చూసుకునేలా చేశారు. సాధనం పని స్థలంలోని వస్తువు నుంచే పుట్టింది. వృత్తి విద్యకు తయారైన డిజిటల్ సాధనాల్లో ఇంత ఆలోచనతో చేసినవి తక్కువ.

ఇక జవాబిచ్చేవి. తుర్కియేలో దాదాపు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులతో చేసిన ప్రయోగం 2025లో అచ్చయింది. మామూలు చాట్‌బాట్ చేతికిచ్చినప్పుడు సాధన లెక్కల్లో మార్కులు 48 శాతం పెరిగాయి. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్లకంటే 17 శాతం తక్కువ వచ్చాయి. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా ఉపాధ్యాయుల సాయంతో మలిచిన చాట్‌బాట్‌తో సాధన మార్కులు 127 శాతం పెరిగాయి, పరీక్షలో ఆ నష్టం చాలావరకు పోయింది. అయితే చెప్పుకోదగ్గ లాభమూ మిగల్లేదు.

మన ఐటీఐల్లో

మన ఐటీఐలు 1950లో మొదలైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం కింద నడుస్తున్నాయి. ఇంజనీరింగ్ ట్రేడ్‌లలో వర్క్‌షాప్ కాలిక్యులేషన్ అండ్ సైన్స్ చాలాకాలం విడి సబ్జెక్టు. ఏడాదికి 1600 గంటలున్న పాత ప్రణాళికలో దానికి 80 గంటలుండేవి. 2022 సవరణలో ఏడాది గంటలు 1200కి తగ్గాయి, లెక్కలు ట్రేడ్ నాలెడ్జ్‌లో కలిశాయి. కాగితం మీద ఇది స్టోన్ బృందం కోరిన దిశే. తేడా ఒక్కటే: అక్కడ ఇద్దరు ఉపాధ్యాయులు కలిసి కూర్చుని పాఠం రాశారు, ఇక్కడ గంటలు కలిశాయి. ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌కు లెక్క చెప్పడంలోనూ, లెక్కల ఇన్‌స్ట్రక్టర్‌కు లేత్ దగ్గరా చేయి తిరిగేలా చేసే కార్యక్రమం లేకుండా కలపడం అంటే సాధారణంగా లెక్కను వదిలేయడమే అవుతుంది.

సాధనాలకు కరువు లేదు. భారత్ స్కిల్స్ పోర్టల్‌లో ట్రేడ్‌వారీ పుస్తకాలు, వీడియోలు, ప్రశ్నల నిధి ఉన్నాయి. తెలంగాణలో 2024లో టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలైంది. సీఎన్‌సీ, రోబోటిక్స్ వంటి కోర్సులు వచ్చే కొద్దీ జీ96 లాంటి లెక్కలు పెరుగుతాయే తప్ప తగ్గవు.

చిక్కంతా పరీక్షలో ఉంది. ఆలిండియా ట్రేడ్ టెస్టులో థియరీ భాగం కంప్యూటర్ మీద బహుళైచ్ఛిక ప్రశ్నలు. నాలుగు జవాబుల్లో 159 ఒకటి. దాన్ని గుర్తిస్తే చాలు. 150 పెట్టాలా, 190 పెట్టాలా, ఎందుకు అన్నది అడిగే చోటే లేదు. ప్రశ్నల నిధి, మాక్ టెస్టులు ఆ పరీక్షకు తగ్గట్టే తయారవుతాయి, పిల్లలు ఫోన్‌లో వాటినే బట్టీ పడతారు. ఇది సాంకేతికత తప్పు కాదు. అడిగినదాన్నే అది సులువు చేసింది.

ఇంకా తేలనివి

ఐటీఐ పిల్లల మీద, మన భాషల్లో, మన ట్రేడ్‌లలో జరిగిన గట్టి ప్రయోగాలు అరుదు. పైన చెప్పిన ఆధారాల్లో ఎక్కువ భాగం బడిపిల్లలవి లేదా పరాయి దేశాలవి. సిమ్యులేటర్‌లో నేర్చిన అంచనా అసలు యంత్రం దగ్గర ఎంత నిలుస్తుందో తేలలేదు. లెక్కలంటే ఏర్పడ్డ భయాన్ని యాప్ తగ్గిస్తుందా, తెర వెనక దాస్తుందా అన్నదీ అంతే. ట్రేడ్ నుంచి మొదలుపెట్టిన బోధన పని లెక్కల పరీక్షలో ఎందుకు ఫలించలేదన్న ప్రశ్నకు, పరీక్షే సరైనది కాదేమోనన్న అనుమానం తప్ప స్పష్టమైన జవాబు లేదు.

తేలినంతవరకు నిర్ణయం చెప్పవచ్చు. వెనకబడ్డ అంకగణితాన్ని పూడ్చడానికి సాధన సాఫ్ట్‌వేర్ మంచిదే, రోజుకు అరగంట దానికివ్వొచ్చు. జవాబిచ్చే చాట్‌బాట్‌లను శిక్షణ దశలో దూరం పెట్టడమే మేలు. మిగతా డబ్బు, సమయం ట్రేడ్ ఇన్‌స్ట్రక్టర్‌నీ లెక్కల ఇన్‌స్ట్రక్టర్‌నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడానికి పెట్టాలి. వీటన్నిటికంటే చౌకైనది, ముందు జరగాల్సినది ఒకటుంది: ట్రేడ్ ప్రాక్టికల్ పరీక్షలో, జాబ్ చేతికిచ్చినప్పుడు, ఆ వేగం ఎందుకు ఎంచుకున్నావో, ఆ కోణం ఎలా కట్టావో రెండు వాక్యాల్లో రాయమని అడిగి, దానికి మార్కులివ్వడం. శిక్షణ డైరెక్టరేట్ ఆ ఒక్క నిబంధన చేర్చితే, ఏ సాధనం కొనాలో ఐటీఐలే తేల్చుకుంటాయి.